దొంగ నోటుకు ఉరిశిక్ష: ఆ రోజుల్లో న్యూగేట్ జైలు తలుపు తట్టిన ఎలిజబెత్ ఫ్రై

లండన్ నడిబొడ్డున ఇప్పుడు ఓల్డ్ బెయిలీ కోర్టు ఉన్న చోట ఒకప్పుడు న్యూగేట్ అనే పెద్ద జైలు ఉండేది. రెండు వందల ఏళ్ల కిందట ఉరి తీసే రోజు వచ్చిందంటే ఆ జైలు ముందు, నడిరోడ్డు మీదే ఉరికంబం నిలబెట్టేవారు. జనం జాతరకు వచ్చినట్టు వచ్చేవారు. బాగా కనపడుతుందని ఎదురిళ్ల కిటికీలను అద్దెకిచ్చేవారు కూడా.

ఆ కంబం ఎక్కేవాళ్లంతా హంతకులే అనుకోకండి. ఆనాటి ఇంగ్లండ్ చట్టం ప్రకారం మరణశిక్ష వేయదగ్గ నేరాలు రెండు వందలకు పైనే. దుకాణంలో ఐదు షిల్లింగుల సరుకు దొంగిలించినా ఉరే, గొర్రెను తోలుకుపోయినా ఉరే, దొంగ నోటు మార్చినా ఉరే. అయితే శిక్ష పడిన ప్రతివాళ్లనూ ఉరి తీసేవారు కాదు. చాలామందికి శిక్ష తగ్గించి, ఓడ ఎక్కించి ఆస్ట్రేలియాకు పంపేసేవారు. ఎవరికి తగ్గుతుందో, ఎవరికి తగ్గదో మాత్రం ముందుగా ఎవరికీ తెలియదు. ఒకే నేరం చేసిన ఇద్దరిలో ఒకరు ఓడ ఎక్కితే ఇంకొకరు కంబం ఎక్కేవారు. చట్టం కాదది, లాటరీ.

ఆ లాటరీలో చిక్కుకున్న ఆడవాళ్ల మధ్యకు వెళ్లి, ఏళ్ల తరబడి వాళ్లతో గడిపిన మనిషి ఎలిజబెత్ ఫ్రై. గొప్పింటి బిడ్డ, గొప్పింటి కోడలు. చదువుకున్నవాళ్లకు ఆమె పేరు జైళ్ల సంస్కర్తగా తెలుసు. చేతిలో పుస్తకం, తలకు తెల్లటి టోపీ, చుట్టూ ఖైదీలు ఉన్న బొమ్మ కూడా చాలామంది చూసే ఉంటారు. ఆ బొమ్మలో ఆమె చాలా నెమ్మదస్తురాలిలా ఉంటుంది. కానీ ఒక దశలో ఆమె దేశ హోం మంత్రితోనే తగాదా పడింది. ఆ తగాదాలో ఓడిపోయింది కూడా. ఆమె జీవితంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఆ ఓటమే. అది చెప్పాలంటే ముందు నుంచి రావాలి.

ఎలిజబెత్ 1780 మే 21న ఇంగ్లండ్‌లోని నార్విచ్ పట్టణంలో పుట్టింది. పుట్టింటి పేరు గర్నీ. తండ్రి జాన్ గర్నీది ఉన్ని వ్యాపారం, బ్యాంకు వ్యాపారం. ఇంటి నిండా పిల్లలు. ఊరి బయట ఎర్లమ్ హాల్ అనే పెద్ద బంగళా వాళ్లది. పన్నెండేళ్ల వయసులోనే తల్లి పోయింది. చిన్నప్పుడు ఆమెకు చీకటన్నా, సముద్రమన్నా చచ్చేంత భయం. తరచూ జబ్బు పడేది, చదువులో వెనకబడేది. ఇంట్లోవాళ్లు ఆమెను మందబుద్ధి కింద లెక్కగట్టారు. తర్వాతి కాలంలో కత్తులు దూసుకునే ఖైదీల మధ్యకు ఒంటరిగా నడిచివెళ్లింది ఈ పిల్లే.

వాళ్లు క్వేకర్లు. క్రైస్తవుల్లో ఇదొక చిన్న వర్గం. వాళ్లకు పాదరీలు ఉండరు. అందరూ మౌనంగా కూర్చుంటారు, మనసులో ఏదైనా కదిలితే ఎవరైనా లేచి మాట్లాడొచ్చు, ఆడవాళ్లు కూడా. యుద్ధాలకు వెళ్లరు, కోర్టులో ప్రమాణం చేయరు, ఆడంబరం లేని బట్టలు కడతారు. అయితే గర్నీలది కాస్త షోకైన ఇల్లు. పాటలు, డాన్సులు, గుర్రపు స్వారీలు అన్నీ ఉండేవి. 1798లో అమెరికా నుంచి వచ్చిన విలియం సేవరీ అనే క్వేకర్ నార్విచ్ సమావేశంలో మాట్లాడాడు. ఆ రోజు ఎలిజబెత్ ఎర్ర లేసులున్న ఊదారంగు బూట్లు వేసుకుని వెళ్లింది. బూట్లు చూసుకుంటూ కూర్చున్న పదిహేడేళ్ల అమ్మాయి, తిరిగి ఇంటికొచ్చేటప్పుడు బండిలో ఏడుస్తూ వచ్చిందట. తర్వాత కొన్ని నెలలకే సాదా బట్టల్లోకి మారింది. చుట్టుపక్కల గరీబు పిల్లలను పోగేసి ఇంట్లోనే అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. అక్కచెల్లెళ్లు ఎగతాళి చేశారు. ఆమె ఆపలేదు.

1800లో జోసెఫ్ ఫ్రైతో పెళ్లయింది. అతనిదీ క్వేకర్ కుటుంబమే. టీ వ్యాపారం, బ్యాంకు. కాపురం లండన్‌లో, వ్యాపారం జరిగే ఇంట్లోనే. వచ్చే పోయే చుట్టాలు, పద్దుల గుమాస్తాలు, వంటపని, వరస కాన్పులు. ఇరవై రెండేళ్లలో పదకొండు మంది పిల్లలు. పన్నెండేళ్ల పాటు ఆమె జీవితంలో చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. తన బతుకు ఇలా వంటింట్లోనే గడిచిపోతోందని డైరీలో బాధపడింది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, పెద్ద పనులు చేసినవాళ్లంతా చిన్నప్పటి నుంచీ అదే దారిలో నడిచినట్టు మనం చెప్పుకుంటాం. ఆమె విషయంలో అలా జరగలేదు.

1813 జనవరిలో కదలిక వచ్చింది. స్టీఫెన్ గ్రెలే అని, ఫ్రాన్స్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ క్వేకర్ ఒకాయన న్యూగేట్ జైలు చూసి నేరుగా ఫ్రై ఇంటికి వచ్చాడు. ఆడ ఖైదీల గదుల్లో పసిపిల్లలు ఒంటిమీద గుడ్డ లేకుండా చలికి వణుకుతున్నారని చెప్పాడు. ఆమె ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. ఫ్లానెల్ గుడ్డ తానులు తెప్పించి, తెలిసిన ఆడవాళ్లను పిలిచి కుట్టించింది. మర్నాడు అన్నా బక్స్‌టన్ అనే స్నేహితురాలిని తోడు తీసుకుని ఆ బట్టల మూటలతో జైలు గేటు దగ్గర నిలబడింది.

లోపలికి వెళ్లొద్దని జైలు అధికారులే చెప్పారు. ఆ ఆడవాళ్లు మీద పడతారు, బట్టలు చింపేస్తారు, కనీసం గడియారాలైనా ఇక్కడ పెట్టి వెళ్లండి అని బతిమాలారు. వార్డర్లు కూడా ఒంటరిగా వెళ్లడానికి జంకే చోటు అది. ఫ్రై గడియారం తీయకుండానే లోపలికి వెళ్లింది. దాదాపు మూడు వందల మంది ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు కొన్ని గదుల్లో కుక్కేసి ఉన్నారు. విచారణ కోసం ఎదురుచూసేవాళ్లు, శిక్ష పడినవాళ్లు, ఉరికి సిద్ధంగా ఉన్నవాళ్లు అందరూ ఒకే చోట. వండుకోవడం, కడుక్కోవడం, పడుకోవడం అన్నీ ఆ నేల మీదే. డబ్బుంటే సారా దొరికేది, లేకపోతే గడ్డి కూడా దొరికేది కాదు. ఆమె బట్టలు పంచింది, జబ్బుపడ్డవాళ్లకు శుభ్రమైన గడ్డి పరిపించింది. మూడోసారి వెళ్లినప్పుడు అక్కడే మోకరిల్లి దేవుణ్ణి వేడుకుంటే, చుట్టూ ఉన్న ఖైదీలు కూడా మోకరిల్లారు.

ఆ తర్వాత దాదాపు నాలుగేళ్లు ఆమె మళ్లీ న్యూగేట్ గడప తొక్కలేదు. కాన్పులు, డబ్బు ఇబ్బందులు. 1815లో ఒక చిన్న కూతురు చనిపోయింది. ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి చాలా కాలం పట్టింది. మళ్లీ ఆమె ఆ గేటు దగ్గరకొచ్చింది 1816 చివర్లో, చలికాలంలో. ఈసారి బట్టల మూటతో సరిపెట్టలేదు.

గదిలోకి వెళ్లి, నేలమీద ఆడుకుంటున్న ఒక బిడ్డను చేతుల్లోకి తీసుకుంది. ఈ పిల్లల కోసం ఏమైనా చేద్దామా అని తల్లులను అడిగింది. జైల్లో ఖైదీలను ఎవరైనా సలహా అడగడం అదే మొదటిసారి అయ్యుంటుంది. బడి పెడదాం అనుకున్నారు. టీచరు ఎవరు అన్నది కూడా ఖైదీలే తేల్చారు. గడియారం దొంగిలించి జైలుకొచ్చిన మేరీ కానర్ అనే చదువుకున్న యువతిని వాళ్లే ఎన్నుకున్నారు. షెరీఫులు, జైలు గవర్నరు తల అడ్డంగా ఊపారు. ఇది జరిగే పని కాదు, పైగా ఖాళీ గది లేదు అన్నారు. ఫ్రై వెతికి ఒక ఖాళీ కొట్టు చూపించింది. బడి మొదలైన రోజున పిల్లల వెనక పెద్దవాళ్లు కూడా తలుపు దగ్గర తోసుకుంటూ నిలబడ్డారు, మాకూ నేర్పండని.

1817 ఏప్రిల్‌లో పన్నెండు మంది ఆడవాళ్లు కలిసి న్యూగేట్ ఆడ ఖైదీల బాగు కోసం ఒక సంఘం పెట్టారు. ఒకరు చర్చి పాదరీ భార్య, మిగిలిన పదకొండు మందీ క్వేకర్లు. ప్రతిరోజూ ఎవరో ఒకరు జైలుకు వెళ్లాలి. లోపల ఉండి చూసుకోవడానికి జీతమిచ్చి ఒక ఆడమనిషిని పెట్టారు. ఖైదీలకు కుట్టుపని ఇప్పించారు. ఆస్ట్రేలియా పంపే ఖైదీల కోసం బట్టలు సరఫరా చేసే వ్యాపారుల దగ్గరకెళ్లి ఆ పనిని వీళ్లకు అడిగి తెచ్చారు.

నా ఉద్దేశంలో అసలు మలుపు నియమాల విషయంలో వచ్చింది. సంఘం కొన్ని నియమాలు రాసుకొచ్చింది. పేకాట వద్దు, బూతులు వద్దు, ముష్టెత్తొద్దు, పని చేయాలి ఇలాంటివి. వాటిని గోడకు అంటించి పోలేదు. ఖైదీలందరినీ కూర్చోబెట్టి ఒక్కో నియమమూ చదివి, ఒప్పుకుంటే చేతులెత్తమన్నారు. ఉరిశిక్ష పడ్డ మనిషి చేత కూడా ఓటేయించారు! ఆ దేశంలో ఆడవాళ్లకు పార్లమెంటు ఓటు వచ్చింది అందుకు దాదాపు వందేళ్ల తర్వాత, 1918లో. చిన్న చిన్న గుంపులు చేసి, గుంపుకొకరిని పెద్దగా పెట్టారు. కొన్ని వారాల తర్వాత లార్డ్ మేయరు, అధికారులు చూడ్డానికి వచ్చారు. అరుపులు, కొట్లాటలు ఉండే చోట ఆడవాళ్లు వరసగా కూర్చుని కుట్టుకుంటున్నారు. నగరపాలక సంస్థ ఖర్చులో కొంత భరించడానికి ఒప్పుకుంది.

ఇక ఓడల సంగతి. ద్వీపాంతర శిక్ష పడ్డవాళ్లను ఓడకు తీసుకెళ్లే ముందు రాత్రి న్యూగేట్ వణికిపోయేది. భయంతో, కోపంతో చేతికందిందల్లా పగలగొట్టేవాళ్లు. తెల్లారి సంకెళ్లు వేసి టాపు లేని బండ్లలో ఊరేగించినట్టు తీసుకెళుతుంటే వీధుల్లో జనం బురద విసిరేవాళ్లు. 1818లో మరియా అనే ఓడ బయలుదేరేటప్పుడు, మూసిన గుర్రబ్బండ్లలో పంపాలని ఫ్రై పట్టుబట్టింది. బండ్ల వెనకే తన బండిలో రేవు దాకా వెళ్తానని ఖైదీలకు మాటిచ్చింది. ఆ రాత్రి ఒక్క కిటికీ కూడా పగల్లేదు. ఓడలో ఒక్కొక్కరికీ ఒక సంచి ఇచ్చారు. అందులో బైబిలు, సూదులు, దారాలు, కత్తెర, కుట్టుకోవడానికి గుడ్డ ముక్కలు ఉండేవి. నెలల తరబడి సాగే ప్రయాణంలో కుట్టిన దుప్పటిని దిగిన చోట అమ్ముకుంటే చేతిలో నాలుగు డబ్బులుంటాయి కదా అని. అప్పటి నుంచి పాతికేళ్ల పాటు లండన్ నుంచి బయలుదేరే ఆడ ఖైదీల ఓడలన్నిటికీ వెళ్లడం ఆమె సంఘం అలవాటైపోయింది. వందకు పైగా ఓడలు అలా చూశారు. దూరపు జిల్లాల నుంచి కాళ్లకు ఇనుప సంకెళ్లతో, చంటిబిడ్డలతో వచ్చేవాళ్లను చూసి ఆ సంకెళ్ల మీద కూడా ఆమె పోరాడింది.

1818 ఫిబ్రవరిలో పార్లమెంటు దిగువ సభ కమిటీ ఆమెను పిలిచి జైళ్ల గురించి వాంగ్మూలం తీసుకుంది. ఒక ఆడమనిషిని సాక్ష్యానికి పిలవడం ఆ రోజుల్లో వింతే. లండన్ అంతా ఆమె పేరే. ఇక్కడిదాకా కథ అంతా సాఫీగా ఉంది. మంచి మనసు, మంచి పని, మంచి ఫలితం. సర్కారుకు కూడా ఏ ఇబ్బందీ లేదు. తన జేబులోంచి పోయేదేమీ లేదు మరి.

కానీ న్యూగేట్‌లో ఉరిశిక్ష పడ్డవాళ్ల కొట్లు కూడా ఉన్నాయి. ఫ్రై అక్కడికీ వెళ్లేది. 1817 మార్చిలో దోపిడీ కేసులో ఎలిజబెత్ ఫ్రికర్‌ను, 1818 ఫిబ్రవరిలో దొంగ నోట్ల కేసులో షార్లెట్ న్యూమన్, మేరీ ఆన్ జేమ్స్ అనే ఇద్దరిని ఉరి తీశారు. రేపు చచ్చిపోబోయే మనిషి పక్కన కూర్చుని ధైర్యం చెప్పడం, మర్నాడు ఆ గది ఖాళీగా చూడటం. బడి, కుట్టుపని, నియమాలు దేనికీ అక్కడ అర్థం లేదని ఆమెకు తెలిసొచ్చింది.

దొంగ నోట్ల వెనక కథ ఇది. ఫ్రాన్స్‌తో యుద్ధం వల్ల 1797లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోటుకు బదులు బంగారం ఇవ్వడం ఆపేసింది. ఒక పౌను, రెండు పౌన్ల చిన్న నోట్లు అచ్చేసింది. అవి నాసిరకం నోట్లు, నకలు తీయడం తేలిక. మామూలు జనం చేతుల్లోకి అవి మొదటిసారి వచ్చాయి, చదువురాని వాళ్లకు అసలేదో నకలేదో ఎలా తెలుస్తుంది? 1797 నుంచి 1821 దాకా నోట్ల కేసుల్లో మూడు వందల మందికి పైగా ఉరి తీశారు. తయారు చేసిన పెద్ద చేపలు దొరికేవి కాదు. సంతలో మార్చబోయిన కూలీ, పనిమనిషి, దర్జీ దొరికేవారు. ఇంకో సంగతి ఉంది. ఎవరి మీద ఉరి పడే కేసు పెట్టాలి, ఎవరి మీద దొంగ నోటు దగ్గరుంచుకున్నారనే చిన్న కేసు పెట్టి పద్నాలుగేళ్ల ద్వీపాంతరంతో వదిలేయాలి అన్నది చాలావరకు బ్యాంకు లాయర్ల చేతిలోనే ఉండేది. ఫిర్యాదీ బ్యాంకే, ప్రాణం పోయేదీ ఉండేదీ తేల్చేదీ బ్యాంకే.

హ్యారియట్ స్కెల్టన్ అలా దొరికిన మనిషే. తాను నమ్మిన మగవాడి మాట విని దొంగ నోట్లు మార్చింది. జైల్లో ఆమె నడవడిక చూసి, ఈమెకు తప్పకుండా క్షమాభిక్ష దొరుకుతుందని చాలామంది అనుకున్నారు. దొరకలేదు. ఫ్రై కదిలింది. తనకు తెలిసిన పెద్దవాళ్లందరినీ పట్టుకుంది. రాజకుటుంబంలో గ్లోస్టర్ డ్యూక్ ఆమెకు పాత పరిచయం, కుర్రతనంలో సైన్యంలో ఉండగా ఎర్లమ్ హాల్‌లో డాన్సులకు వచ్చినవాడు. ఆయన కూడా హోం మంత్రి లార్డ్ సిడ్మౌత్‌తో మాట్లాడాడు. బ్యాంకు డైరెక్టర్ల దగ్గరకూ మాట వెళ్లింది. ఫలితం లేదు.

సిడ్మౌత్ దృష్టిలో ఇలాంటి జాలి ప్రమాదకరం. శిక్షంటే ఉండాల్సిన భయం పోతుందని ఆయన వాదన. స్కెల్టన్ విషయంలో ఫ్రై గట్టిగా మాట్లాడిందని ఆయనకు కోపం వచ్చింది. జైలు గోడల లోపల సూదీ దారం పంచినంత కాలం ఆమె దేవత. చట్టమే తప్పు అన్న మరుక్షణం ఆమె అడ్డంకి. రాజీ కోసం ఒక దొరసానిని వెంటబెట్టుకుని సిడ్మౌత్ ఆఫీసుకు వెళితే, ఆయన ముఖం మీదే విసురుగా మాట్లాడి పంపేశాడు.

అదే రోజు ఆమె మాన్షన్ హౌస్‌కు వెళ్లాల్సి వచ్చింది. అక్కడ షార్లెట్ రాణి వేల మంది పేద పిల్లల బడి ఉత్సవానికి వచ్చింది. రాణి స్వయంగా వేదిక మీద ఫ్రై దగ్గరకొచ్చి మాట్లాడింది. హాలంతా చప్పట్లు. పొద్దున మంత్రి చేతిలో అవమానం, మధ్యాహ్నం రాణి చేతిలో మర్యాద. ఆ మర్యాదతో ఆమెకు ఒరిగిందేమీ లేదు. 1818 ఏప్రిల్‌లో హ్యారియట్ స్కెల్టన్‌ను న్యూగేట్ ముందు ఉరి తీశారు.

అక్కడితో ఆమె వెనక్కి తగ్గిందా అంటే, లేదు. కానీ దారి మార్చుకుంది. ఒక్కొక్కరి ప్రాణం కోసం పెద్దల గుమ్మాల దగ్గర నిలబడటం కంటే చట్టాన్ని మార్చేవాళ్ల చేతులు బలపరచడం మేలనుకుంది. చెల్లెలి భర్త థామస్ ఫోవెల్ బక్స్‌టన్ పార్లమెంటు సభ్యుడు. బానిసత్వం మీద పోరాడిన ఆయనే ఉరి చట్టాల మీద కూడా పోరాడాడు. సభలో శామ్యూల్ రోమిలీ, ఆ తర్వాత జేమ్స్ మాకింటాష్ లాంటివాళ్లు ఒక్కో నేరాన్నీ ఉరి జాబితా నుంచి తీసేయించడానికి ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. బయట జనం మనసు కూడా మారుతోంది. 1819లో జార్జ్ క్రుక్‌షాంక్ అనే కార్టూనిస్టు, ఉరితాళ్లు, వేలాడే మనుషుల బొమ్మలతో బ్యాంకు నోటుకు వెక్కిరింపు నోటు గీసి అచ్చేస్తే జనం ఎగబడి కొన్నారు. దొంగ నోటు కేసుల్లో జూరీలు దోషి అనడానికే నిరాకరించడం మొదలైంది. 1821లో చిన్న నోట్లు పోయి బంగారు నాణేలు వచ్చాయి. 1830లో బ్యాంకుల యజమానులే ఈ నేరానికి ఉరి తీసేయండని పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నారు. దయ కొద్దీ కాదులెండి. ఉరి భయంతో సాక్షులూ జూరీలూ ముందుకు రాకపోతే దొంగలు తప్పించుకుపోతున్నారని. 1832లో చాలా రకాల ఫోర్జరీలకు, 1837లో మొత్తం ఫోర్జరీకి ఉరి రద్దయింది. స్కెల్టన్ పోయి అప్పటికి పందొమ్మిదేళ్లు.

ఈలోగా జైళ్లలో మార్పు వచ్చింది. 1821లో ఊరూరా ఉన్న ఆడవాళ్ల కమిటీలన్నిటినీ కలిపి దేశమంతటికీ ఒక సంఘం చేశారు. 1823లో హోం మంత్రి రాబర్ట్ పీల్ తెచ్చిన జైళ్ల చట్టంలో ఆడ ఖైదీలను ఆడ వార్డర్లే చూసుకోవాలని, జైలర్లకు ఖైదీల నుంచి వసూళ్లు కాకుండా జీతం ఇవ్వాలని రాశారు. న్యూగేట్‌లో ఆ పన్నెండు మంది మొదలుపెట్టినదే చట్టమయిందన్నమాట. 1827లో ఆమె ఒక చిన్న పుస్తకం రాసింది. జైలుకు వెళ్లే ఆడవాళ్లు ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్న చేతిపుస్తకం అది. ఖైదీలను ఎక్కువ ప్రశ్నలు వేసి విసిగించొద్దు, గొప్పలు పోవద్దు లాంటి పనికొచ్చే మాటలు అందులో ఉన్నాయి. ఉరిశిక్ష తప్పు అని కూడా అందులో స్పష్టంగా రాసింది. పోయేవాడి తప్పును చూడాల్సిన జనం, ఉరి చూసి వాడి మీద జాలిపడి చట్టాన్ని అసహ్యించుకుంటారని ఆమె అనుభవం.

1828లో ఇంటి మీద పిడుగు పడింది. భర్త బ్యాంకు దివాలా తీసింది. క్వేకర్లలో అప్పులు ఎగ్గొట్టడం పెద్ద తప్పు. జోసెఫ్ ఫ్రైను సంఘం వెలేసింది. ఊరి బయట పెద్ద ఇల్లు వదిలి చిన్న ఇంటికి మారారు. బ్యాంకు డబ్బంతా ఆమె ఖైదీలకు పంచిపెట్టిందని గుసగుసలు మొదలయ్యాయి. జనం ముందుకు రావడానికి సిగ్గుపడి కొన్నాళ్లు ఇంట్లోనే ఉండిపోయింది. అన్నదమ్ములు ఆదుకున్నారు. ఆ తర్వాత మళ్లీ మెల్లగా న్యూగేట్ బాట పట్టింది.

విమర్శలు ఇంట్లోనూ తక్కువేమీ కాదు. పిల్లలను చుట్టాల ఇళ్లలో వదిలి జైళ్ల చుట్టూ తిరుగుతోందని సొంతవాళ్లే అన్నారు. పిల్లల్లో చాలామంది పెద్దయ్యాక క్వేకర్ మతం వదిలేశారు. న్యూగేట్‌లో ఆమె బైబిలు చదివే రోజున దొరలూ దొరసానులూ టికెట్టు తెచ్చుకుని మరీ వచ్చి కూర్చునేవారు. ఖైదీల ఇజ్జత్ కాపాడాలని మొదలైన పని పెద్దింటివాళ్లకు తమాషాగా మారుతోందన్న సంకోచం ఆమెకూ ఉండేది. డైరీల్లో తన పేరుప్రతిష్ఠల మీద ఆమెకే అనుమానం కనిపిస్తుంది. ఆమె చనిపోయాక 1847లో కూతుళ్లు అచ్చేసిన జీవితచరిత్రలో ఇలాంటి గరుకు చోట్లను నున్నగా చేసేశారు.

1830ల్లో ఇంకో చిక్కొచ్చింది. సర్కారు జైళ్ల ఇన్‌స్పెక్టర్లను పెట్టింది. వాళ్లు కొత్త పద్ధతి తెచ్చారు. ఒక్కో ఖైదీని ఒక్కో గదిలో ఒంటరిగా, మాట లేకుండా, ఏళ్ల తరబడి ఉంచడం. బయటకు తెచ్చినా మొహం కనపడకుండా ముసుగు. 1842లో తెరిచిన పెంటన్‌విల్ జైలు ఆ పద్ధతికి నమూనా. ఇన్‌స్పెక్టర్లు 1836 నివేదికలో న్యూగేట్‌ను దుమ్మెత్తిపోశారు, ఆడవాళ్ల కమిటీల పనిలో కూడా తప్పులు వెతికారు. రాత్రి వేరువేరుగా పడుకోవడం మంచిదేనని, కానీ పగలంతా మనిషిని మనిషికి దూరం చేస్తే మతి చెడుతుందని ఫ్రై హెచ్చరించింది. చీకటి కొట్లను ఖండించింది. ఎవరూ వినలేదు. సంస్కరణ పేరుతోనే కొత్త కాఠిన్యం వచ్చింది. పాత జైలు మురికి, కొత్త జైలు శుభ్రం. కొత్తదాంట్లో ఎంతమందికి మతి చలించిందో తర్వాతి కాలం చూసింది.

చివరి ఏళ్లలో యూరప్ అంతా ఆమెను పిలిచింది. ఫ్రాన్స్, బెల్జియం, జర్మనీ, డెన్మార్క్ జైళ్లు తిరిగింది. 1842లో ప్రష్యా రాజు నాలుగో ఫ్రెడరిక్ విలియం లండన్ వచ్చినప్పుడు ఆమెతో కలిసి న్యూగేట్ వెళ్లి, ఖైదీల మధ్య కూర్చుని ఆమె చదువుతుంటే విన్నాడు. తర్వాత ఆమె ఇంటికి భోజనానికి కూడా వెళ్లాడు. అప్పటికే ఆమె ఒళ్లు సహకరించడం లేదు. 1845 అక్టోబర్ 12న రామ్స్‌గేట్ అనే సముద్రపు ఊళ్లో ప్రాణం విడిచింది. చిన్నప్పుడు సముద్రమంటే వణికిన మనిషి. బార్కింగ్‌లోని క్వేకర్ల శ్మశానంలో ఖననం జరిగిన రోజు వెయ్యి మందికి పైగా జనం మౌనంగా నిలబడ్డారు. క్వేకర్ల పద్ధతిలో అక్కడ ఆడంబరమేదీ లేదు.

నడిరోడ్డు మీద ఉరి తీయడం 1868లో ఆగింది. న్యూగేట్ జైలును 1902లో కూలగొట్టడం మొదలుపెట్టారు. హత్యకు మరణశిక్షను బ్రిటన్ 1965లో నిలిపేసి 1969లో పూర్తిగా ఎత్తేసింది. 2002లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఐదు పౌన్ల కొత్త నోటు తెచ్చింది. దాని మీద ఖైదీలకు చదివి వినిపిస్తున్న ఎలిజబెత్ ఫ్రై బొమ్మ. హ్యారియట్ స్కెల్టన్ మీద కేసు పెట్టిన బ్యాంకే ఇది. ఆ నోటు 2017 దాకా చలామణిలో ఉంది.

ఇంకో వస్తువు కూడా మిగిలింది. 1841లో రాజా అనే ఓడ నూట ఎనభై మంది ఆడ ఖైదీలతో ఆస్ట్రేలియా దిక్కున ఉన్న వాన్ డీమన్స్ ల్యాండ్‌కు బయలుదేరింది. ఇప్పుడు దాన్ని టాస్మేనియా అంటున్నారు. ఫ్రై సంఘం ఇచ్చిన గుడ్డ ముక్కలతో ఆ ఆడవాళ్లు దారి పొడవునా ఒక పెద్ద దుప్పటి కుట్టారు. దాంట్లో 2,815 ముక్కలున్నాయి. అంచున దారంతో, తమకు సూదీ దారం ఇచ్చిన కమిటీ ఆడవాళ్లకు కృతజ్ఞతగా కుట్టామని రాసి పెట్టారు. కుట్టినవాళ్లలో ఎవరి పేరూ దాని మీద లేదు. స్కాట్లాండ్‌లో ఒక ఇంటి అటక మీద ఏళ్ల తరబడి పడి ఉండి, 1980ల్లో బయటపడింది. ఇప్పుడు కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ కళా మందిరంలో ఉంది. గుడ్డ పాతబడి వెలుగు తగిలితే పాడైపోతుందని ఎప్పుడోగానీ బయటకు తీయరు.